మేకు కొట్టనివ్వని గోడలు

చరిత్ర రాసేవాళ్లకి సొంత ఇళ్లంటేనే మోజు. ఫలానా రాజుగారి కోటలో ఎన్ని స్తంభాలున్నాయో, ఫలానా జమీందారుగారి దివాణంలో ఏ దేశపు అద్దాలు వేలాడాయో పుస్తకాల్లో పేజీలకి పేజీలుంటుంది. రెండు గదులూ ఓ వంటిల్లూ ఉన్న వాటాలో దిగి, ఉన్న నాలుగు సామాన్లనే అటు తిప్పీ ఇటు తిప్పీ, వచ్చినవాళ్లు "అబ్బ, ఎంత పొందిగ్గా ఉందండీ!" అనేలా సర్దుకున్న ఇల్లాలి సంగతి మాత్రం ఏ చరిత్రకారుడికీ పట్టలేదు. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అన్నారు పెద్దలు. ఆ ఇల్లు పరాయివాళ్లదైతే ఇల్లాలిని ఎలా చూడాలో వాళ్లు చెప్పలేదు. అందుకే ఆ నాలుగు ముక్కలూ నేను రాద్దామనుకున్నాను.

ఇలాంటి చరిత్రకి మా సామర్లకోట సరైన ఊరు. ఈ ఊళ్లో వెయ్యేళ్లుగా ఇల్లు మారని గృహస్థుడు ఒక్కడే ఉన్నాడు, ఆయన భీమేశ్వరస్వామి. తొమ్మిదో శతాబ్దం చివర గద్దెనెక్కిన తూర్పు చాళుక్యరాజు భీముడు కట్టించిన గుడి అది. పంచారామాల్లో ఒకటి, కుమారారామం. స్వామిది రెండంతస్తుల మేడ. లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి వస్తుంది. అంటే మేడంతా ఆయనే వాడుకుంటున్నాడు, పై వాటా అద్దెకివ్వడానికి చోటే లేదన్నమాట! మిగిలిన మనందరం ఇవాళ కాకపోతే రేపు సామాను కట్టుకునేవాళ్లమే.

ఎందుకంటే, ఇది బదిలీల ఊరు. ఇంగ్లీషువాళ్లు 1786లో ఇక్కడ పటాలానికి బారకాసులు కట్టారు. 1838లో పాత కోటని పడగొట్టారు. 1868లో పటాలం వెళ్లిపోయింది. 1879లో రంపలో పితూరీ లేస్తే మళ్లీ రెండు కంపెనీల సిపాయిలు వచ్చి దిగారు. 1893లో వాళ్లూ పెట్టే బేడా సర్దుకున్నారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1893కీ 1896కీ మధ్య, బెజవాడ నుంచి కటకం దాకా రైలుదారి విడతలు విడతలుగా తెరుచుకుంది. సామర్లకోట కాకినాడ లైనుకి జంక్షనైంది. సిపాయిలు పోయి స్టేషను మాస్టర్లూ గార్డులూ వచ్చారు. పంచదార ఫ్యాక్టరీ వచ్చింది, దాని గుమాస్తాలొచ్చారు. వ్యవసాయ క్షేత్రం వచ్చింది, దాని ఉద్యోగులొచ్చారు. బడిపంతుళ్లూ, తపాలా వాళ్లూ సరేసరి. వీళ్లలో ఎవరికీ ఇక్కడ నేల లేదు. అందరికీ నెల మొదటి వారంలో అద్దె మాత్రం ఉంది.

అంతకుముందు మన ఇళ్లల్లో సామాను లేదా అంటే, ఉంది. కాకపోతే అది ఇంట్లో కలిసిపోయి ఉండేది. బట్టలు తగిలించుకోవడానికి గోడలోనే చిలక్కొయ్యలు. దీపానికీ, పుస్తకానికీ, పసుపు కుంకాలకీ గోడలోనే గూళ్లు. ధాన్యానికి గాదె, పాత సామానుకి అటక, పాలూ పెరుగూ పిల్లికందకుండా దూలానికి వేలాడే ఉట్టి. వచ్చినవాళ్లు కూర్చోడానికి వీధి అరుగు. భోజనాలకి పీటలు, పడుకోడానికి తుంగచాపలు. డబ్బున్న ఇల్లయితే ఓ పందిరి మంచం, ఓ ఉయ్యాల బల్ల, నలుగురు కలిసినా కదపలేని ఓ భోషాణం. ఇల్లు కట్టినప్పుడే సామానూ అందులో తయారయ్యేది, ఇల్లున్నన్నాళ్లూ అదీ ఉండేది.

అద్దె వాటాలోకి వచ్చినావిడకి ఇవేవీ కలిసిరావు. చిలక్కొయ్య ఇంటివాళ్లది. అరుగు ఇంటివాళ్లది. అటక మీద ఇంటివాళ్ల సామానే ఉంటుంది. కాబట్టి ఆవిడ కొనుక్కునేది ఏదైనా సరే ముందు ఒక పరీక్షకి నిలవాలి: బండికెక్కుతుందా, ఎక్కదా? మధ్యతరగతి సంసారానికి నూరేళ్లపాటు కొలబద్ద అదే. "ఒక బండి సామాను" అంటే కొత్త కాపురం, "రెండు బళ్ల సామాను" అంటే పిల్లలు పుట్టి స్థిరపడ్డ కాపురం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తూర్పు డెల్టాకి కాలవలొచ్చాయి. వాటిలో సామర్లకోట కాలవ ఒకటి. అప్పుడు సామాను పడవెక్కింది. రైలొచ్చాక గూడ్సు పెట్టె ఎక్కింది. ఆ తర్వాత లారీ ఎక్కింది. వాహనం మారిందే గాని లెక్క మారలేదు. విప్పితే విడిపోవాలి, మడిస్తే ముడుచుకోవాలి, ఎత్తితే ఇద్దరికి లేవాలి.

ఈ విద్యలో మనకి తోవ చూపించినవాళ్లు ఆ పటాలం దొరలే అనుకోవచ్చు. ఏ ఊళ్లో ఎన్నాళ్లుంటారో తెలియని బతుకు వాళ్లది. అందుకని ఇంగ్లీషు వడ్రంగులు వాళ్ల కోసం మడిచే మంచాలూ, రెండు ముక్కలుగా విడిపోయే సొరుగు పెట్టెలూ, మరలు తీస్తే కాళ్లు ఊడొచ్చే బల్లలూ తయారుచేశారు. బదిలీ అయినప్పుడు అక్కర్లేనివి వేలం వేసి పోవడం వాళ్ల ఆచారం. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి, నాలుగు కర్రలూ కాస్త కేన్వాసూ తోలుపట్టీలూ పెట్టి బిగించే 'రూర్కీ కుర్చీ' అని ఒకటి వచ్చింది. రూర్కీలో ఉండే ఇంజనీర్ల పటాలం పేరు దానిది. మన ఇళ్లల్లో గుడ్డ పడక కుర్చీ, మడత మంచం చూసినప్పుడల్లా నాకు వీటి చుట్టరికం కనిపిస్తుంది. సాయంత్రం గుమ్మం ముందు వేసుకుని పేపరు చదువుకునే తాతగారికి తను దొరల డేరా సామానులో కూర్చున్నానని తోచదు గాని!

ఐరోపాలో కూడా ఇదే అవసరం ఇంకో తోవలో తీరింది. వియన్నాలో థోనెట్ అనే ఆయన కంపెనీ 1859లో ఓ కుర్చీ చేసింది. కొయ్యని ఆవిరి పట్టి వంచి చేసిన కుర్చీ అది. మొత్తం ఆరు కొయ్యముక్కలు, పది మరలు, రెండు నట్లు. విప్పేసి సర్దితే గజానికి కాస్త మించిన చదరపు పెట్టెలో ముప్ఫయ్యారు కుర్చీలు పట్టేవి. అవే దేశదేశాల కాఫీ హోటళ్లకి ఓడలెక్కాయి. ఇప్పుడు పట్నాల్లో ముక్కలుగా తెచ్చుకుని ఇంట్లో బిగించుకునే సామాను చూసి పిల్లలు కొత్త వింతంటున్నారు. మన నవారు మంచం ఏం చేసిందర్రా? పట్టెలు ఊడదీస్తే ఓ కట్ట, నవారు చుడితే ఓ ఉండ. సంక్రాంతికి ముందు నవారు విప్పి ఉడకబెట్టి, ఉతికి ఆరేసి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని లాగి బిగిస్తే మంచం మళ్లీ కొత్తది. అంత చవకైన పరుపు, అంత గాలాడే పరుపు ఇంకొకటి లేదు.

కొయ్యకి మా వైపు లోటు లేదు. ఏజెన్సీ అడవుల టేకు దుంగలు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి వచ్చేవి. ఇటు కాకినాడ రేవు నుంచి రంగూనుకి ఓడలు నడిచేవి. కూలికీ, వ్యాపారానికీ వేలాదిమంది మనవాళ్లు బర్మా వెళ్లారు. 'బర్మా టేకు' అన్న మాట ఆ రోజుల్లోనే మన ఇళ్లల్లోకి గౌరవంగా వచ్చి కూర్చుంది. 1942లో జపానువాళ్లు రంగూను పట్టుకోవడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి. అక్కడ కూడబెట్టుకున్నది వదిలి, కొండలూ అడవులూ కాలినడకన దాటి వచ్చినవాళ్లున్నారు. "ఎత్తుకోగలిగిందే మనది" అన్న పాఠం వాళ్లకి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

అయితే గుమాస్తా జీతానికి టేకు అందదు. ఆ లోటు ఆడవాళ్ల తెలివి తీర్చింది. ఈ చరిత్రలో అసలు ఘట్టం ఇదే.

రెండు ట్రంకు పెట్టెలు పక్కపక్కన గోడకి చేర్చి, మీద ఓ పాత బొంత నాలుగు మడతలు వేసి, ఆ పైన పూలు కుట్టిన దుప్పటి నేల దాకా దించితే అది సోఫా. కూర్చున్న పెద్దమనిషికి తను పట్టుచీరల మీదా, రాగి చెంబుల మీదా కూర్చున్నానని తెలియదు. సరుకులొచ్చిన దేవదారు పెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ముందు ఓ చిన్న తెర వేలాడదీస్తే పుస్తకాల బీరువా. ఇక కిరసనాయిలు డబ్బా సంగతి చెప్పాలంటే ఓ పురాణమే. నాలుగు గ్యాలన్ల నలుపలకల రేకు డబ్బాల్లో కిరసనాయిలు వచ్చేది. నూనె దీపాల్లో అయిపోయాక డబ్బా మాత్రం చిరంజీవి. మూత పెట్టిస్తే బియ్యం డబ్బా. పిడి బిగిస్తే నీళ్ల డబ్బా. అడ్డంగా కోయిస్తే పూల తొట్టి. పెరట్లో తులసికోట కట్టించుకునే హక్కు అద్దెవాళ్లకి ఎక్కడిది? అందుకని రేకు డబ్బాకి పసుపు రాసి, బొట్లు పెట్టి, అందులో తులసమ్మని నిలిపారు. ఊరు మారితే తులసమ్మ కూడా బండి మీద ముందు కూర్చుని వచ్చేది. కోటలో ఉన్న తులసికీ, డబ్బాలో ఉన్న తులసికీ దణ్ణంలో తేడా లేదు.

కరెంటొచ్చాక ఓ కొత్త పంపకం వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలై ఈ వైపు ఊళ్లకి వెలుగొచ్చింది. లాంతరు పోయి బల్బు వచ్చింది, ఆనక ఫ్యానొచ్చింది. కొక్కెం ఇంటివాళ్లది, ఫ్యాను అద్దెవాళ్లది. ఇల్లు ఖాళీ చేసిన రోజున కొక్కెం ఒక్కటే కప్పుకి వేలాడుతుంటే, దాన్ని చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ఇక గోడలు. అద్దె ఇంటి చరిత్రలో యుద్ధాలన్నీ గోడ దగ్గరే జరిగాయి. "మేకులు మాత్రం కొట్టకండమ్మాయ్, సున్నం పెళ్లలు ఊడతాయి" అని ఇంటావిడ గడప దాటకుండానే చెబుతుంది. "అలాగే పిన్నిగారూ" అని ఈవిడ వినయంగా అంటుంది. ఆ రాత్రే గుడ్డ అడ్డం పెట్టి, చప్పుడు కాకుండా ఓ మేకు దిగుతుంది. దేవుడి పటం ఎక్కడ పెట్టుకోమంటారు మరి? 1960లో వచ్చిన అద్దెల నియంత్రణ చట్టంలో, ఇంటి విలువా పనికొచ్చే తీరూ బాగా దెబ్బతినేలా పాడుచేస్తేనే ఆ కారణం మీద అద్దెదారుని ఖాళీ చేయించొచ్చని రాసి ఉండేది. లక్ష్మీదేవి పటానికి కొట్టిన ఒక్క మేకు ఆ లెక్కలోకి రాదని నా నమ్మకం. ఆ చట్టం సంగతి ఎంతమంది ఇల్లాళ్లకి ఎవరు చెప్పారు గనక?

ఆ మేకుకి ఏం వేలాడిందన్నది కూడా చరిత్రే. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టాడు. అంతవరకూ రాజుల ఇళ్లల్లోనే ఉన్న రంగు బొమ్మలు సామాన్యుల గోడలకొచ్చాయి. ఏనుగులూ తామరపూలూ ఉన్న ఆయన లక్ష్మి, నెమలీ వీణా ఉన్న ఆయన సరస్వతి ఇప్పటికీ మన పూజగదుల్లో ఉన్నారు. మనకి పక్కనే రాజమండ్రిలో దామెర్ల రామారావు పుట్టాడు. 1897లో పుట్టి 1925లో పోయిన ఆ మనిషి, ఇరవై ఏడేళ్ల జీవితంలోనే గోదావరి మనుషుల్నీ, వాళ్ల ఒడుపునీ రంగుల్లో పెట్టాడు. ఆయన బొమ్మలతో అక్కడ చిత్రశాల ఉంది. 1924లో మొదలైన 'భారతి' పత్రిక రంగు చిత్రాలు అచ్చువేస్తే, చదివాక వాటిని జాగ్రత్తగా కత్తిరించి పటం కట్టించుకున్న ఇళ్లున్నాయి. ఆ తర్వాత వడ్డాది పాపయ్యగారి బొమ్మలు! వారపత్రికలో వచ్చిన వపా బొమ్మని చింపకుండా పిన్నులూడదీసి తీసి, అట్ట ముక్కకి అంటించి, అద్దం వేయించి తగిలించని మధ్యతరగతి ఇల్లుందా? పత్రిక వెలకే చిత్రకారుడు మన ఇంటికొచ్చాడు. కొత్త సంవత్సరానికి బట్టల కొట్టువాళ్లూ, మందుల కొట్టువాళ్లూ ఇచ్చిన కాలెండర్లు సరేసరి. తేదీలు అయిపోయాక కింద కాగితం కోసేస్తే పైన దేవుడు మిగిలేవాడు.

గుడ్డల విషయానికొస్తే మన తీరం ప్రపంచానికే తెరలు కట్టింది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి వెళ్లిన కలంకారీ అద్దకాలతో ఐరోపా ఇళ్లల్లో పక్కదుప్పట్లూ, మంచం చుట్టూ తెరలూ అమిరాయి. అక్కడి నేతవాళ్లు గోలపెడితే 1686లో ఫ్రాన్సూ, 1700లోనూ మళ్లీ 1721లోనూ ఇంగ్లండూ వీటిని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. అయినా మోజు చావలేదు. గారిక్ అని లండన్‌లో పేరుమోసిన నాటకాల నటుడు ఉండేవాడు. కలకత్తాలోని స్నేహితులు ఆయన భార్యకి మన కోరమాండల్ తీరపు అద్దకం మంచం తెరలు కానుకగా పంపారు. 1775లో సుంకాల వాళ్లు వాటిని పట్టుకుపోయారు. ఆవిడ బెంగ చూడలేక భర్త అధికారులకి ఉత్తరం రాసుకోవాల్సొచ్చింది. ఆ తెరలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. తెర కోసం బెంగపడ్డ ఆడది ఏ దేశంలోనైనా మన మనిషే!

మన ఇంట్లో తెరకి మాత్రం అంత కథ లేదు. అంచు బాగున్న పాత చీర సగానికి కోసి, పైన గొట్టంలా కుట్టి, తాడు దూరిస్తే కిటికీ తెర. మిగిలిన సగం దిండు గలీబులు. ఆ మిగిలింది కాళ్లు తుడుచుకునే పట్టా. దాని మీద దారంతో అల్లిన లేసు వేస్తే ఎంత అందమో.

లేసు అన్నాను గనక ఒక మాట చెప్పి తీరాలి. గోదావరి అవతల నరసాపురం వైపు ఆడవాళ్లు క్రోషియా సూదితో అల్లే లేసుకి నూటయాభై ఏళ్లు దాటాయి. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు నేర్పారని చెబుతారు. ఆ లేసు విదేశాలకి వెళ్లి ఎవరి బల్లల మీదో పరుచుకుంది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఈ లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకం ప్రచురించింది. ఆవిడ తేల్చి చెప్పింది ఇదీ: గడప దాటని గృహిణి తీరిక వేళల్లో చేసే పనిగా దీన్ని లెక్కగట్టారు కాబట్టే కూలి అంత తక్కువ. తీరికట! వంటా, నీళ్లూ, పిల్లలూ అయ్యాక కళ్లు లాగేసేదాకా అల్లడం తీరికైతే, మరి పనంటే ఏమిటో? 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. చేతికి కూలి పెరిగితే ఇంకా సంతోషం. చవగ్గా దొరికిందని మనం మురిసే ప్రతి లేసు గుడ్డ వెనకా ఇంకో ఇల్లాలి కళ్లున్నాయి. ఆవిడా బహుశా అద్దె ఇంట్లోనే ఉండి ఉంటుంది.

ఇల్లు తీర్చిదిద్దుకోవడం గురించి ఆడవాళ్లకి చెప్పినవాళ్లకి లోటు లేదు. 1883లో వీరేశలింగంగారు 'సతీహితబోధిని' పెట్టారు. 1902లో ఏలూరులో పుట్టిన 'హిందూసుందరి' తర్వాత మన కాకినాడకే వచ్చి, ఆడవాళ్లే సంపాదకులుగా నడిచింది. 1928లో మద్రాసు నుంచి కేసరిగారి 'గృహలక్ష్మి' వచ్చింది. ఇల్లు శుభ్రంగా, పొదుపుగా, కళగా ఉంచుకోమని ఎందరో చెప్పారు. మంచి మాటే. కానీ ఆ ఇల్లు ఎవరిదన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ ప్రశ్న మన సామానులోనే దాగుంది చూడండి. పెళ్లిలో పుట్టింటివారు సారెతో పంపిన మంచం, పరుపు, బీరువా, బిందెలు, పందిట్లో చదివింపులుగా వచ్చిన గిన్నెల మీద చెక్కిన పేర్లు, ఇదే ఆడపిల్లకి దక్కిన ఆస్తి. పొలం అన్నదమ్ములది. మేడ మామగారిది. వాటా ఇంటివాళ్లది. ఆవిడ తనదని చెయ్యి వేసి చెప్పగలిగింది బండికెక్కే సామాను ఒక్కటే. అందుకే కాబోలు, ఆ సత్తు గిన్నెకి సొట్ట పడినా అంత విలవిల్లాడేది. దాన్ని మనం పిసినారితనం అని నవ్వుకున్నాం.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి, ఆడదాని ఆస్తి మీద ఆవిడకే పూర్తి హక్కంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ జన్మహక్కన్న మాట మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చింది, అప్పటికే పెళ్లయిపోయినవాళ్లని మాత్రం బయట పెట్టేసి! దేశం మొత్తానికి ఆ హక్కు 2005లో వచ్చింది. అంటే మన అమ్మమ్మలూ అమ్మలూ తమది కాని గోడలకి, తమది కాని గడపలకి బతుకంతా పసుపు రాశారు. రోజూ పొద్దున్నే తమది కాని వాకిట్లో ముగ్గు పెట్టారు. "ఎలాగూ ఖాళీ చేసేదేగా, ఎందుకీ తాపత్రయం?" అన్న మగవాళ్లకి వాళ్లు జవాబు చెప్పలేదు, ముగ్గు మాత్రం మానలేదు.

ఆ తాపత్రయం దండగని నేననుకోను. గోడ మనది కాకపోవచ్చు. ఆ గోడ మధ్య గడిచిన పదేళ్లూ మనవే. ట్రంకు పెట్టె సోఫా మీద కూర్చుని లెక్కలు చేసిన పిల్లలు పెద్దవాళ్లై ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్లల్లో ఏ సామాను ఎక్కడుండాలో వాళ్లకి తెలిసింది ఆ అద్దె వాటాల్లోనే.

అందుకని చదువుతున్న అక్కయ్యలకీ, చెల్లెళ్లకీ రెండు మాటలు. ఇంట్లో ఉన్న సామాను ఓ పుస్తకంలో రాసిపెట్టండి, ఏది ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు, ఏ ఊళ్లు తిరిగింది అని. అమ్మ ఉంటే అమ్మనీ, అత్తగారుంటే అత్తగారినీ అడిగి రాయండి, చరిత్ర రాసేవాళ్లు మన గడప దాకా ఎలాగూ రారు. రెండోది, మీ ఊళ్లో ఏ కాస్త గూడు కొన్నా, కట్టినా, దస్తావేజు మీద మీ పేరు కూడా ఉండేలా చూసుకోండి. అప్పుడు మేకులు ఎక్కడ కావాలంటే అక్కడ కొట్టుకోవచ్చు.